ఊరికే అభిప్రాయం

ఫిబ్రవరి 3, సోమవారం

నాకు శిష్యుడు దొరికాడు. వయసు యాభై ఆరు.

ఆఫీసులో కొత్త పథకం పెట్టారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి పాఠాలు చెప్పాలట. ఒక్కో ముసలి ఉద్యోగికి ఒక్కో కుర్రకుంకని అంటగట్టారు. నా వాటాకి మ్యూజియం వచ్చింది. ఆఫీసులో అందరూ ఆయన్ని వెనకాల అలాగే అంటారు, ఎదురుగా ఉంటే సార్. "చూడొచ్చు గానీ ముట్టుకోకూడదు" అని నా పక్క కుర్చీ గడ్డం వాడి జోకు. బిల్లులు లెక్కగట్టే పాత ప్రోగ్రాము ఒకటుంది, నేను పుట్టకముందుది. దాన్ని ఆయనొక్కడే కనిపెట్టుకుని ఉంటున్నారు. ఇప్పుడు దాన్ని క్లౌడ్‌లోకి మార్చేస్తున్నారు. కాబట్టి ఆయన్ని కూడా మార్చాలి.

మేనేజరు నన్ను గదిలోకి పిలిచింది. ఆవిడ ఎప్పుడూ మనకి కుర్చీ చూపించి తను మాత్రం నిలబడే మాట్లాడుతుంది.

"ప్రతి శుక్రవారం ఒక చిన్న ఫారం నింపి పంపు. ఆయనకి పదికి ఎన్ని మార్కులో, ఎందుకో రెండు మాటల్లో."

"దాన్ని ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు. ఊరికే అభిప్రాయం."

ఎవరూ చూడనిదానికి ఫారం ఎందుకో! అడగలేదు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని, మార్చి ఆఖరికి తేలుతుందని, బయట ఎండగా ఉందన్నంత తేలిగ్గా గుర్తుచేసింది మరి.

ఫిబ్రవరి 4, మంగళవారం

మొదటి పాఠం. ఆయన మూడో అంతస్తు, నేను ఐదు. అయినా కంప్యూటర్లోనే కలుసుకోవాలి. నా తెర ఆయనకి కనిపిస్తుంది, ఆయన గొంతు నాకు వినిపిస్తుంది. పై మూలన ఎర్ర చుక్క వెలుగుతుంటుంది. ప్రతి పాఠం రికార్డు కావాలని రూలు.

"నమస్కారం పంతులమ్మా" అన్నారు. అది నేనేనని తెలియడానికి క్షణం పట్టింది.

"అందరూ మబ్బులో పెట్టాం, మబ్బులో పెట్టాం అంటున్నారు. వానొస్తే మన బిల్లులన్నీ ఎవరి పెరట్లో పడతాయి?"

నవ్వాను, నవ్వకపోతే బాగుండదని.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఇది ఇక్కడెందుకుంది? పాతదాంట్లో ఒక్కచోట చెప్తే సరిపోయేది, ఇక్కడ నాలుగుచోట్ల ఎందుకు చెప్పాలి? ఒకసారి నొక్కాక మళ్ళీ వెనక్కి రావాలంటే ఎలా? (అది తర్వాత చెప్తానన్నాను.) చెప్పిందే మళ్ళీ అడుగుతారు. మూడోసారి అడిగే ముందు "విసుక్కోకు తల్లీ" అని ముందర కాళ్ళకి బంధం వేస్తారు. ఆయన కీబోర్డు మీద కొట్టే దెబ్బలకి నా చెవిలో ఇయర్‌ఫోన్ అదురుతోంది.

ఇన్ని ప్రశ్నలు నేర్చుకోవడానికేనా? లేక పాఠం ముందుకు కదలకుండా ఉండటానికా? పాత ప్రోగ్రాము ఎన్నాళ్ళు బతికితే ఆయనకి అన్నాళ్ళు మంచిది కదా.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మొదటి ఫారం. పదికి ఆరు. "అడిగిందే అడుగుతారు. వేగం తక్కువ." రెండు మాటల్లో రాయమంటే ఇంకెలా రాస్తాం?

ఫిబ్రవరి 8, శనివారం

అమ్మ కంపెనీలో కూడా అదే పథకమట!

బస్సు టిక్కెట్లు అమ్మే కంపెనీలో అమ్మ నా చిన్నప్పటినుంచీ ఉంది. అక్కడ అందరికంటే పెద్దది తనే. ఆమెకొక పిల్లని పెట్టారు, పాఠాలు చెప్పడానికి. నాకంటే రెండేళ్ళు చిన్నదట. అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ ఆ పిల్ల గురించే మాట్లాడింది, పొయ్యి మీద నూనె కాలిపోతున్నా సరే.

"మా టీచరు బంగారమే. ఎన్నిసార్లు అడిగినా ముఖం చిట్లించదు. ఫోన్ చేస్తే హలో కూడా అనదు, 'అడగండి ఆంటీ!' అంటుంది."

"ప్రతిసారీ అంతేనా?"

"ప్రతిసారీ. నువ్వూ ఉన్నావు, మొన్న ఫోన్లో ఫోటో ఎలా పంపాలే అంటే పీక్కుని నువ్వే పంపేశావు."

"ఆ పిల్ల శుక్రవారం ఏం చేస్తుంది?"

"శుక్రవారం ఏమిటే? సినిమాకి పోతుందేమో, నాకేం తెలుసు."

అమ్మకి తెలియదు. "అడగండి, అడగండి" అని అంత సంబరంగా పిలిచేవాళ్ళు ఊరికే పిలవరు. ఎన్ని అడిగారో లెక్కపెట్టుకునే వాళ్ళే అలా పిలుస్తారు.

ఫిబ్రవరి 10, సోమవారం

నాన్న ఫోన్ చేశారు. ఆయన ఓడ ఇంకో రెండు నెలలదాకా తిరిగి రాదట. "మీ అమ్మ గొంతు ఏమిటే, కాలేజీ పిల్లలా ఉంది" అన్నారు. ఆవిడకి టీచరు దొరికిందిలెండి అన్నాను.

ఫిబ్రవరి 13, గురువారం

పాఠం మధ్యలో నా కంప్యూటర్ మొరాయించింది. ఒకటి తెరిస్తే ఇంకోటి తెరుచుకుంటోంది. సర్దుకునేసరికి మ్యూజియంగారికి ఓపిక పోయింది కాబోలు, ఇవాళ్టికి చాలన్నారు. నాకూ హాయిగానే ఉంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

అయిదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఏదో జరుగుతోంది.

ఆయన ప్రశ్నలు మానేశారు. పూర్తిగా. ఇవాళ పాఠమంతా నేను చెప్పుకుంటూ పోవడం, ఆయన "అర్థమైంది" అనడం. కావాలని ఒకచోట తప్పు చెప్పి చూశాను. దానికీ "అర్థమైంది" అన్నారు. పంతులమ్మా అనలేదు, మేడం అన్నారు. వానజోకు వెయ్యలేదు. కీబోర్డు చప్పుడు కూడా లేదు.

నిన్నటిదాకా అక్షరం అక్షరం కూడబలుక్కున్న మనిషికి ఒక్క వారంలో సరస్వతి కటాక్షం కలిగిందా?

ఫిబ్రవరి 19, బుధవారం

అభ్యాసం ఇచ్చాను. చేసి పంపారు. తప్పుల్లేవు. దాదాపు లేవు.

ఎవరు చేసిచ్చారు?

ఫిబ్రవరి 20, గురువారం

నీళ్ళసీసా నింపుకునే వంకతో మూడో అంతస్తుకి వెళ్ళాను. మా అంతస్తులో నీళ్ళు లేవా అని గడ్డం వాడు అడిగితే, కింద చల్లగా ఉంటాయన్నాను.

భోజనాల వేళ. అందరూ క్యాంటీన్‌లో ఉన్నారు. ఆయన మాత్రం మూలనున్న చిన్న అద్దాల గదిలో తలుపు మూసుకుని, చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదవులు కదులుతున్నాయి. మధ్యమధ్య ఆపి ఏదో నొక్కుతున్నారు. నేను కనబడగానే ల్యాప్‌టాప్ మూత దించేశారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే.

బయటివాళ్ళెవరో ఆయనకి పని చేసిపెడుతున్నారు. కొడుకో, అల్లుడో. కంపెనీ సమాచారం బయటికి పోతోందంటే చిన్న విషయం కాదు. మేనేజరుకి చెప్పాలా? ముందు రుజువు కావాలి.

ఫిబ్రవరి 21, శుక్రవారం

పదికి నాలుగు. "ఆసక్తి తగ్గింది. ప్రశ్నలు అడగడం లేదు."

ఫిబ్రవరి 23, ఆదివారం

అమ్మతో మాట్లాడాను. ఎలాగైనా చెప్పాలని వారంనుంచీ అనుకుంటున్నాను.

"అమ్మా, ఆ పిల్లని మరీ అన్ని అడక్కు."

"అడిగితే ఏమైందే? తెలియంది తెలియదంటే తప్పా?"

"తప్పు కాదు. కానీ ప్రతి ప్రశ్నా ఎవరో ఎక్కడో రాసుకుంటుంటారు. ఈవిడకి ఏమీ రాదు అని. పని తగ్గించేటప్పుడు అవన్నీ బయటికి తీస్తారు."

"ఎవరు రాసుకుంటారు? ఆ పసిదా?" అమ్మ నవ్వింది. "అనుమానం పుట్టిన తర్వాతే నువ్వు పుట్టావే. చంటిదానివిగా ఉన్నప్పుడు పాలు కూడా వాసన చూసి తాగేదానివి."

"నీ మంచికే చెప్తున్నాను. ఏం చెప్పినా అర్థమైంది అను. అర్థం కాకపోతే ఇంటికొచ్చి నన్నడుగు."

"నిన్నా! నువ్వు చెప్పేలోపు నాకు రిటైర్మెంటు వస్తుంది."

అంది గానీ, ముఖంలో నవ్వు కాస్త తగ్గింది. కాసేపయ్యాక తనే మొదలుపెట్టింది. తన పనిలో టిక్కెట్ల పట్టికకి రెండు కాపీలు ఉంటాయి. ఒకటి అసలుది, జనం నిజంగా సీట్లు కొనుక్కునేది. ఇంకోటి ఉత్తుత్తిది, వీళ్ళు పరీక్షలు చేసుకునేది. పాత సిస్టంలో అమ్మ అసలు తెరకి ఎర్ర రంగు వేసి పెట్టుకుంది. ఎరుపు కనబడితే చేతులు కట్టుకోవాలి, అది తన నియమం. కొత్తదాంట్లో రెండూ తెల్లగా ఒకలాగే ఉన్నాయట.

"ఆ ఎరుపు ఎలా తెప్పించాలో రేపు ఆ పిల్లని అడుగుదామనుకున్నాను."

"అదసలు అడక్కు! రంగులు మార్చడం కూడా రాదని నవ్వుతారు. వచ్చే ఆదివారం నేను చూపిస్తాలే."

"సరేలే తల్లీ. నీకు ఆ లోకం తెలుసు."

మనసు తేలికపడింది. ఒక్కదాన్నయినా కాపాడుకున్నాను.

ఫిబ్రవరి 27, గురువారం

పాఠం. అర్థమైంది, అర్థమైంది, అర్థమైంది. రాతిగోడకి చెప్పినా ప్రతిధ్వని వస్తుంది.

మార్చి 2, ఆదివారం

మధ్యాహ్నందాకా పడుకున్నాను. వేరే టీములో ఖాళీ ఉందని గడ్డం వాడు చెప్తే సాయంత్రమంతా దానికి దరఖాస్తు రాశాను. ఒక్కచోట కాలు నిలవదు నీకు అని అమ్మ గొణిగింది. గొణగడం కూడా మెల్లగానే. ఈ మధ్య తన టీచరు ఊసు లేదు. మంచిదే.

మార్చి 5, బుధవారం

రుజువు దొరికింది. రాయడానికి చెయ్యి రావడం లేదు.

రికార్డు చేసిన పాఠాలన్నీ ఒకచోట ఉంటాయి. ఒక్కోదాని కింద ఎవరు ఎన్నిసార్లు చూశారో పడుతుంది. ఆ పేజీ ఎవరూ తెరవరు, నేనూ ఇన్నాళ్ళూ తెరవలేదు. ఆయన పట్టుబడే చోటు ఏదైనా దొరుకుతుందేమోనని ఇవాళ తెరిచాను. నా ప్రతి పాఠం కిందా ఒకే ఒక్క పేరుంది. ఆయనదే. ఒక్కోటి ఐదారుసార్లు చూశారు. సగం వేగంతో పెట్టుకుని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూశారు. అన్నీ భోజనాల వేళే.

ఆ అద్దాల గదిలో ఆయనకి దొంగచాటుగా పాఠం చెప్తున్నది నేనే. ఆయన పెదవులు కదిపింది నా మాటలకే.

నన్ను అడగొచ్చు కదా మరి! పక్కనే మనిషినుంచుకుని బొమ్మని అడగడమేమిటి?

ఒక్క పాఠం మాత్రం ఆయన ఒక్కసారికి మించి చూడలేదు. ఫిబ్రవరి 13. అది తెరిచాను.

నా తెర కనిపిస్తోంది. నా గొంతు: "ఒక్క నిమిషం సార్, ఆ ఫైలు ఎక్కడో పెట్టాను." వెతుకుతున్నాను, కూనిరాగం కూడా తీస్తున్నాను. ఒకటి తెరిచాను, కాదు. ఇంకోటి తెరిచాను. తెర నిండా శుక్రవారం ఫారం పరుచుకుంది. ఆయన పేరు. ఆరు. అడిగిందే అడుగుతారు, వేగం తక్కువ. దాని కింద ఈ వారానికని నేను సగం నింపి ఉంచింది కూడా: "మూడుసార్లు చెప్పినా." అక్కడితో ఆగింది వాక్యం. నేను అటు చూడటమే లేదు, పక్కనున్న రెండో తెరలో వెతుక్కుంటున్నట్టున్నాను. అది చాలాసేపు అలాగే ఉంది. కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

తర్వాత ఫైలు దొరికింది. "ఆఁ, ఎక్కడున్నాం సార్? ఏమైనా డౌటా?"

నేను కంప్యూటర్ ఆగిపోయిందనుకుని "హలో, హలో" అంటున్నాను.

"లేదమ్మా. అర్థమైంది. ఇవాళ్టికి చాలు."

మార్చి 6, గురువారం

చూసి ఉండరు. ఆ వయసులో అంత చిన్న అక్షరాలు కనబడవు.

మార్చి 7, శుక్రవారం

ఎనిమిది వేశాను. చూసి ఉండరు. అయినా వేశాను.

మార్చి 9, ఆదివారం

అమ్మకి చెప్పాలి, మళ్ళీ అడగమని. ఆ పిల్లనే అడగమని.

కానీ ఏమని చెప్పను? "మొన్న అడగొద్దన్నావు, ఇప్పుడు అడగమంటావేం?" అంటుంది. అమ్మ ఒక పోగు పట్టుకుని లాగిందంటే బట్టంతా ఊడొస్తుంది. నా ఫారం సంగతి చెప్పాలి. మ్యూజియం సంగతి చెప్పాలి.

అసలు నేను చెప్పిందాంట్లో తప్పేముంది? ఆయన సంగతి వేరు. అమ్మ దగ్గర ఆ పిల్ల రాస్తూనే ఉండుంటుంది. నేను రాయడం లేదూ?

టిఫిన్ తింటూ అమ్మ, "ఆ ఎరుపు చూపిస్తానన్నావు" అంది.

"సాయంత్రం" అన్నాను. సాయంత్రం వేరే టీము వాళ్ళు ఫోన్లో ఇంటర్వ్యూ చేశారు. అది బాగానే జరిగింది. అమ్మ బట్టలు మడతపెడుతూ రెండుసార్లు గుమ్మంలోకొచ్చి చూసి వెళ్ళింది.

రేపు.

మార్చి 11, మంగళవారం

మూడింటికే ఇంటికి రమ్మని అమ్మ ఫోన్ చేసింది. వచ్చేసరికి హాల్లో కూర్చుని ఉంది. చెప్పులు విప్పలేదు. భుజానికి బ్యాగు అలాగే ఉంది, ఇంకెక్కడికో వెళ్ళేదానిలా.

పొద్దున కొత్త పరీక్ష మొదలుపెట్టే ముందు ఉత్తుత్తి పట్టిక ఖాళీ చెయ్యాలి. చేసింది. అది ఉత్తుత్తిది కాదు.

ఇవాళా రేపూ బయల్దేరే బస్సుల టిక్కెట్లన్నీ మాయమైపోయాయి. ఖాళీ సీట్లని కంప్యూటర్ మళ్ళీ అమ్మేసింది. ఒక్కో సీటుకి ఇద్దరేసి మనుషులు. బస్టాండుల్లో జనం కొట్టుకున్నారట. డ్రైవర్లు బస్సు దిగి నిలబడ్డారట. వెనకటి కాపీ నుంచి అంతా తిరిగి తెచ్చేసరికి సగం రోజు పోయింది.

"రెండూ ఒకలాగే ఉన్నాయే" అంది అమ్మ.

నేను పక్కన కూర్చున్నాను.

"రెండూ తెల్లగా, ఒకలాగే ఉన్నాయి. ఏది ఏదో అడుగుదామని ఆ పిల్ల వైపు తిరిగాను కూడా. పక్కనే కూర్చుంది." బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. "మళ్ళీ ఎందుకులే అనుకున్నాను."

మార్చి 12, బుధవారం

తనంతట తనే మానేస్తున్నట్టు రాసిమ్మన్నారట. ఈ నెలాఖరు దాకా టైమిచ్చారు. అమ్మ ఏడవలేదు. బీరువా సర్దడం మొదలుపెట్టింది, పైనుంచి కిందికి.

ఆ పిల్లే చేసింది ఇదంతా. పక్కనే కూర్చుని, అమ్మ ఏం నొక్కుతోందో కనబడదా? కావాలనే చూస్తూ ఊరుకుంది.

మార్చి 13, గురువారం

అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు తన ఫోన్ మోగింది. "మా టీచరు" అని పడింది. ఎత్తాను. కడిగిపారేద్దామనే ఎత్తాను.

"ఆంటీ..."

"ఆంటీ కాదు, వాళ్ళమ్మాయిని. చెప్పు."

"అక్కా! ఆంటీ ఎలా ఉన్నారు? అన్నం తింటున్నారా?"

గొంతు జలుబు చేసినట్టుంది. ఏడ్చి ఏడ్చి ఉన్న గొంతు. నటన అనుకున్నాను.

"బాగానే ఉంది. నువ్వేం రాశావు మా అమ్మ గురించి? శుక్రవారం శుక్రవారం?"

నాకే తెలియకుండా వచ్చేసింది ఆ మాట.

"ఫారమా అక్కా? ఆంటీ అడిగినన్ని మంచి ప్రశ్నలు మా బ్యాచ్‌లో ఎవరూ అడగరని రాసేదాన్ని. తొమ్మిది వేసేదాన్ని. పది వేస్తే నమ్మరని మావాళ్ళన్నారు." ముక్కు ఎగబీల్చింది. "ఈ మధ్య ఆంటీ అడగడం మానేశారక్కా. ఏం చెప్పినా అర్థమైంది అనేవారు. అలిగారేమో అనుకున్నాను. నేనెప్పుడైనా విసుక్కున్నానా? ఆంటీ మీతో ఏమైనా అన్నారా?"

"లేదు" అన్నాను.

"ఆ రెండు తెరల సంగతి నేనే ముందుగా చెప్పాల్సింది. రంగు మార్చడం ఒక్క నిమిషం పని. అడుగుతారులే అనుకున్నాను. ఆంటీ అన్నీ అడుగుతారు కదా అని. నావల్లే అయింది అక్కా."

మళ్ళీ చేస్తానని పెట్టేసింది. అమ్మకి రాంగ్ నంబరని చెప్పాను.

మార్చి 14, శుక్రవారం

మేనేజరు పిలిచి కుర్చీ చూపించింది. నా ఉద్యోగం ఖాయమైంది. ముందుగానే తేలింది. "నీ పరిశీలన చాలా బాగుంది" అంది. ఈ నెలాఖరుకి వెళ్ళిపోతున్న వాళ్ళలో మ్యూజియం కూడా ఉన్నారని, ఆ పాఠాల టైము ఇక నాకు మిగులుతుందని అదే ఊపులో చెప్పింది.

"నేను వేసిన మార్కుల వల్లేనా?"

"అబ్బే! అది ఊరికే అభిప్రాయమేగా."

థాంక్స్ అన్నాను. నా నోట్లోంచే వచ్చింది ఆ మాట.

మూడో అంతస్తుకి దిగాను. ఇన్నాళ్ళలో ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళడం ఇదే మొదటిసారి. బల్ల మీద ఒక మొక్క, పిడి లేని కప్పులో పెన్నులు. నన్ను చూసి లేచి, పక్క కుర్చీ మీద కాగితాలు తీసి కూర్చోమన్నారు.

"సార్, ఫిబ్రవరిలో ఒకరోజు పాఠంలో నా ఫారం తెరుచుకుంది. మీరు..."

"కొత్త కళ్ళజోడమ్మా. శుభ్రంగా కనబడుతుంది."

గట్టిగా తిట్టి ఉంటే బాగుండేది.

"మరి నన్నెందుకు అడగలేదు, అదేమిటని?"

"అడిగితే అదొక ప్రశ్న అవుతుందిగా."

ఆయన నవ్వారు. నేను నవ్వలేకపోయాను. కాసేపు మొక్క వైపు చూస్తూ కూర్చున్నాను. లేవబోతుంటే, ఆయన పైకీ పక్కకీ చూసి, "ఇప్పుడు రికార్డవడం లేదు కదా?" అన్నారు.

"లేదు సార్."

"అయితే ఒకటి చెప్పు. మొదటి రోజు అడిగాను, తర్వాత చెప్తానన్నావు. ఒకసారి నొక్కేశాక వెనక్కి రావాలంటే ఎలా?"

ఇంకో రెండు వారాల్లో వెళ్ళిపోయే మనిషి. ఇక దేనికి? కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎక్కడెక్కడ వెనక్కి రావచ్చో, ఎక్కడ కుదరదో అన్నీ చూపించాను. మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ చెప్పాను.

ఫారం పంపలేదు. పంపినా పంపకపోయినా ఇప్పుడు ఒకటే.

మార్చి 15, శనివారం

పొద్దున కాఫీ తాగుతూ అమ్మ అడిగింది, నా వైపు చూడకుండా.

"నిన్న సాయంత్రం మా టీచరు వచ్చింది ఇంటికి, నువ్వు రాకముందు. శుక్రవారం ఫారం ఒకటి ఉంటుందట. మార్కులు వేస్తారట. నువ్వు చెప్పినట్టే."

"ఊఁ."

"నాకు ఇంతకాలమూ తెలియదు. నాతోటి వాళ్ళెవరికీ తెలియదు. ఆ పిల్లని కూడా ఎవరికీ చెప్పొద్దన్నారట." కప్పు కింద పెట్టింది. "నీకెలా తెలుసే?"

అంతా చెప్పాను. మ్యూజియం, ఆరు, అయిదు, నాలుగు, ఆ రికార్డింగు, ఆదివారం ఎర్ర రంగు, రాంగ్ నంబరు. అమ్మ మధ్యలో ఆపలేదు. అరుస్తుందనుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఏదో ఒక సామెతైనా విసురుతుందనుకున్నాను. ఇది ఎందుకు చేశావు, అది ఎప్పుడు తెలిసింది అని అడుగుతుందనుకున్నాను. వాటన్నిటికీ నిన్నటినుంచీ సమాధానాలు సిద్ధం చేసుకుని ఉన్నాను.

"సరే. అర్థమైంది" అంది.

లేచి కప్పులు రెండూ కడిగింది. తుడిచింది. బోర్లించింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి తన ఫోన్ నా ముందు పెట్టింది.

"ఆ పిల్ల ఇంకా తనవల్లే అనుకుంటోంది. నేను కాదన్నా వినడం లేదు, నన్ను ఓదార్చడానికి అంటున్నానని. నువ్వు చెప్పు."

"ఏమనమ్మా?"

"రెండు మాటల్లో చెప్పడం అలవాటేగా నీకు."

ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది, నేను నొక్కేదాకా లేచేట్టు లేదు. నొక్కాను. రెండుసార్లు మోగింది. ఎత్తకపోతే బాగుండుననిపించింది. మూడోసారి మోగుతుండగా ఎత్తింది. అమ్మ నంబరు చూసుంటుంది, పరిగెత్తుకొచ్చినట్టు ఆయాసపడుతోంది.

"అడగండి ఆంటీ!" అంది.